అంచులు వదిలేసిన లెక్క

ఆగస్టు 11

ఈ డైరీ ల్యాబుకి రసాయనాలు సప్లయి చేసే కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చింది. ఇన్నాళ్ళూ బీరువా మీద ఖాళీగా పడి ఉంది. ఈరోజు నుంచి రాస్తాను. ఈరోజు రాయదగ్గ మనిషినయ్యాను మరి.

జరిగింది ఇది. రావులపాలెం నుంచి ఒక జ్వరం కేసు వచ్చింది. మా కొత్త మెషీన్, అదే, ఫిన్నీ రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచి మురిసిపోయే మెషీన్, ప్లేట్‌లెట్లు ఇరవై రెండు వేలని కాగితం కక్కింది. పేషెంటు తాలూకు వాళ్ళు ఒకటే ఏడుపు. ప్లేట్‌లెట్లు ఇచ్చే మనుషుల కోసం ఫోన్లు. నేను నింపాదిగా ఆ రక్తంతో స్లైడు చేసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఏముంది? ట్యూబులో ఉండే మందు పడక ప్లేట్‌లెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని గుత్తులు గుత్తులుగా కూర్చున్నాయి. మెషీన్‌కి గుత్తులు లెక్కపెట్టడం రాదు. ఇంకో రకం ట్యూబులో రక్తం తీయించి చూస్తే లక్షా ఎనభై వేలు.

ఊపిరితిత్తుల డాక్టరు గీతికగారు స్వయంగా ల్యాబులోకి దిగి వచ్చారు. భీమవరం రాజులమ్మాయి, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. అందరూ వినేలా, "జోగేశ్వరరావుగారూ, ఇకనుంచి డౌటొస్తే మీ కన్నే నాకు ఫైనలండి" అన్నారు.

అప్పుడు ఫిన్నీ ముఖం చూడవలసింది. పాపం అనిపించింది. అనిపించిందని రాస్తున్నాను గానీ, అనిపించలేదు.

ఆ ఊపులో అతన్ని కూర్చోబెట్టి క్లాసు కూడా పీకాను. "ఫిన్నీగారూ, స్లైడు మీద రక్తం నాలుకలా పరుచుకుంటుంది. లింఫోసైట్లు చిన్నవి కాబట్టి మధ్యలో ఉండిపోతాయి. న్యూట్రోఫిల్స్ పెద్దవి, అంచులకి పోయి చేరతాయి. అందుకని మధ్యలోంచి అంచుకి, అంచులోంచి మళ్ళీ మధ్యకి వంకరటింకరగా పోతూ వంద కణాలు లెక్కపెట్టాలి. మధ్యలోనే కూర్చుని వంద లెక్కపెట్టేవాడు దొంగ."

అతను పదిహేడేళ్ళుగా నా పక్క కుర్చీలో పనిచేస్తున్నాడు. ఇదంతా అతనికి తెలుసు. అయినా చివరిదాకా విని, "ఆయ్, నిజమేనండి" అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ ప్రసన్నకి చెప్పాను. "వింటున్నానండి. ఇది మూడోసారి చెప్పడం. అన్నం చల్లారిపోతోంది" అంది.

గొంతులో కొంచెం గరగరగా ఉంది.

ఆగస్టు 14

దగ్గు. ల్యాబులో స్పిరిట్ వాసనకి. ప్రసన్న నన్ను ముందుగదిలో పడుకోమంది. "ఇది అంటుకునే దగ్గు కాదు, ఆ మాత్రం నాకు తెలీదా" అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు నాది.

ఆగస్టు 17

నా దగ్గు తగ్గింది. ప్రసన్నకి జ్వరం వచ్చింది. రెండిటికీ సంబంధం లేదు.

ఆగస్టు 19

ప్రసన్నకి నూట మూడు. జ్వరం మాత్ర, మిరియాల చారు, ఇదీ రెండు రోజులుగా నా వైద్యం.

సాయంత్రం పక్కింటి జగన్నాథరావుగారు వచ్చారు. ఆయన ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరకి వెళ్ళి గోదావరి ఎన్ని అడుగులుందో చూసిరాకపోతే ఆయనకి కాఫీ దిగదు. పదకొండు దాటిందని చెప్పడానికి వచ్చి, మంచం మీద ప్రసన్నని చూసి ఆగిపోయారు. "అమ్మాయి ఊపిరి పీల్చినప్పుడు మెడ దగ్గర గుంట పడుతోందయ్యా. నువ్వు చూసేవా?" అన్నారు.

చూడలేదు. మైక్రోస్కోపు కింద పెట్టినవే నాకు కనిపిస్తాయి.

"ఆస్పత్రికి తీసుకెళ్ళు" అన్నదీ ఆయనే. ఆస్పత్రిలో పనిచేసేది నేను.

ఆగస్టు 20

మా ఆస్పత్రిలోనే వార్డులో చేర్చాం. ముక్కులోంచి తీసి పంపితే ఇన్‌ఫ్లుయెంజా అని వచ్చింది. ఎక్స్‌రేలో రెండు వైపులా కింద తెల్లగా ఉంది. ఆక్సిజన్ రెండు లీటర్లు పెట్టారు.

గీతికగారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. "ఈ వైరస్ ముదిరితే రక్తంలో లింఫోసైట్లు పడిపోతాయండి. కొన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోతాయి, కొన్ని చచ్చిపోతాయి. న్యూట్రోఫిల్స్ పెరిగిపోతాయి. అవి ఎటు నడుస్తున్నాయో రోజూ చూద్దాం. ఆక్సిజన్, ఎక్స్‌రే, మీ లెక్క, మూడూ కలిపి చూసుకుని ఐసీయూ సంగతి ఆలోచిద్దాం."

'మీ లెక్క' అన్నారు. ఆ పరిస్థితిలో కూడా నా ఛాతీ కొంచెం పొంగింది.

లింఫోసైట్లు వందకి ఇరవై నుంచి నలభై దాకా ఉండాలి. ఆవిడకి మెషీన్ 15 అంది. నేనూ 15 అన్నాను.

మా బావమరిది సాయిరామ్ మండపేట నుంచి ఫోన్ చేశాడు. అక్కడ రైసుమిల్లులో గుమాస్తా. "బావగారూ, అక్క రిపోర్టు ఎంతొచ్చిందండీ?" అన్నాడు. పదిహేను అన్నాను. "వందకి పదిహేనేనాండీ? పాసవ్వాలంటే ఎంత రావాలండీ?" అన్నాడు. నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఇరవై అని చెప్పి ఉండవలసిందేమో అనిపించింది.

నాకొచ్చిందే ఆవిడకొచ్చింది. ఎవరూ ఆ మాట అనలేదు. అందరికీ తెలుసు.

ఆగస్టు 21

11. మెషీన్ 10. ఆక్సిజన్ నాలుగు లీటర్లు.

సాయిరామ్‌కి పదమూడని చెప్పాను. ఫోన్లో చెప్పేదానికి రిపోర్టులో రాసేంత పట్టింపు అక్కర్లేదు.

ఆగస్టు 22

మెషీన్ 7 అంది. పక్కన ఎర్ర గుర్తు కూడా వేసింది. ఎర్ర గుర్తు వేసిందంటే, ఎందుకైనా మంచిది, మనిషి చేత చూపించండి అని అర్థం. నేను చూస్తానన్నాను.

"నేను చూడనాండీ? మీరు కాసేపు పైకెళ్ళి ఆవిడ దగ్గర కూర్చోండి" అన్నాడు ఫిన్నీ. నా కుర్చీ మీద కన్నేశాడనుకున్నాను.

మా లెక్క పెట్టె నా కన్నా పాతది. ఒక్కో రకం కణానికి ఒక్కో మీట. కణం కనిపించగానే దాని మీట నొక్కాలి. వంద కాగానే గంట మోగుతుంది. మొదటిసారి గంట మోగేటప్పటికి లింఫోసైట్లు 6. కంగారులో లెక్కపెట్టానేమోనని పెట్టెని సున్నాకి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాను. 7. అప్పుడు గమనించాను, స్లైడు అంచులు సరిగ్గా రాలేదు, అక్కడ కణాలు నలిగినట్టున్నాయి. అంచులు బాలేనప్పుడు మధ్యలో చూడటంలో తప్పులేదు. మూడోసారి 12 వచ్చింది.

ఒకే స్లైడుని మూడుసార్లు లెక్కపెట్టే ఓపిక రాజమండ్రి మొత్తం మీద ఏ ల్యాబులో ఉంది? 12 రాశాను.

గీతికగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. "మెషీన్ ఏడంటోంది, మీరు పన్నెండంటున్నారు. సరే, మీ కన్నే కదా" అన్నారు.

పైకెళ్ళి ప్రసన్నకి చెప్పాను. "పన్నెండు! పడిపోకుండా నిలబడింది."

"అయితే మరి ఈ ఆయాసం ఏంటండీ?" అంది మాస్కు వెనకనుంచి.

"ముందు రక్తం కోలుకుంటుంది. మనిషి తర్వాత" అన్నాను. ఇలాంటిది ఏ పుస్తకంలోనూ లేదు. నోటికి అలా వచ్చేసింది. వినడానికి బాగానే ఉంది.

ఆగస్టు 23

మెషీన్ 5. ఎర్ర గుర్తు. ఈరోజు కూడా స్లైడు అంచులు బాలేవు. స్లైడు చేసింది నేనే. మధ్యలోనే చూశాను. 14.

ఆక్సిజన్ ఆరు లీటర్లకి పెంచినా వేలికి పెట్టిన మెషీన్ తొంభై రెండు దాటడం లేదు. ఐసీయూకి మారుద్దామా వద్దా అని గీతికగారు పొద్దుటి నుంచీ ఊగుతున్నారు. నా కాగితం చూసి, "నిన్నటికీ ఇవాళ్టికీ పెరిగింది కదా. రేపటి దాకా వార్డులోనే చూద్దాం" అన్నారు.

ఐసీయూ తప్పింది.

ఐసీయూలో మనుషులు నాకు తెలియదు. వాళ్ళ ట్యూబులు తెలుసు. రోజూ పొద్దున ఏడింటికి ట్రేలో వస్తాయి. కొన్ని పేర్లు వారం రోజులు వస్తాయి, తర్వాత ఒక పొద్దున రావు. ఎందుకు రాలేదని మేము అడగము. ప్రసన్న పేరు ఆ ట్రేలో రాకూడదు. ఇంట్లో ఉన్నదే ఇద్దరం.

మూడుసార్లు పైకెళ్ళి పద్నాలుగని చెప్పాను. మూడోసారి, "చెప్పేరు కదండీ" అంది. ఆయాసం ఎలా ఉందని అడిగితే, "తగ్గిందండి" అంది. చూశావా మెషీనూ!

జగన్నాథరావుగారు ఫోన్ చేశారు. గోదావరి పదమూడు అడుగులట. "మీ ఆవిడ లెక్క ఎంతయ్యా?" అన్నారు. పద్నాలుగు అన్నాను, గట్టిగా. సాయిరామ్‌కి కూడా అదే చెప్పాను.

ఆగస్టు 24

ఆదివారం. ఫిన్నీ చర్చికి వెళ్ళకుండా ల్యాబుకి వచ్చాడు. పదిహేడేళ్ళలో ఎప్పుడూ అలా చేయలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. నాకు సరైన సమయంలో వచ్చే అనుమానాలు తక్కువ.

ప్రసన్న ట్యూబు వచ్చిందా అని అడిగాను. "ఇంకా రాలేదండి. ఈలోగా ఇదొకటి చూసిపెడతారా? వార్డు పేషెంటండి. మెషీన్ ఎర్ర గుర్తేసింది. నాకు లెక్క కుదరట్లేదు, మీ కన్ను కావాలి" అని ఒక స్లైడు ఇచ్చాడు. పేరు రాసే చోట తెల్ల ప్లాస్టరు అంటించి ఉంది. పగిలిందేమోలే అనుకున్నాను. 'మీ కన్ను కావాలి' అన్న మాట చెవిలో పడ్డాక నేను ఇంకేమీ ఆలోచించే రకం కాదు.

చూశాను. ఎంత బాగా చూశానో! మధ్యలోంచి అంచుకి, అంచులోంచి మధ్యకి, ల్యాబులో పని నేర్చుకోడానికొచ్చే పిల్లలకి నేను చెప్పే పద్ధతిలో, ఒక్క కణం వదలకుండా. గంట మోగింది. 4. న్యూట్రోఫిల్స్ నిండా ముతక గింజలు, జబ్బు ముదిరిందనడానికి గుర్తు.

ఒళ్ళు మండింది. "ఎవరిదండీ ఇది? నాలుగు! నాలుగొచ్చిన మనిషిని ఇంకా వార్డులో పెట్టుకుని ఏం చేస్తున్నారు? ఈ పేషెంటుకి మనుషులు లేరా, గట్టిగా అడిగేవాళ్ళు? ఫోన్ చేసి వెంటనే ఐసీయూకి పంపమనండి" అని కేకలేశాను.

ఫిన్నీ స్లైడు తీసుకుని గోరుతో ప్లాస్టరు పీకి, మళ్ళీ నా ముందు పెట్టాడు. కింద అతని చేతిరాత. ప్రసన్నలక్ష్మి, 49, స్త్రీ, రెండో వార్డు.

"పొద్దున ఆరింటికే తీయించేనండి. నిన్నటి స్లైడు కూడా మీరు వెళ్ళాక చూసేను. ఐదొచ్చింది. డాక్టరుగారికి చెప్పేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుని కూడా ఆగిపోయేను. అది నా తప్పేనండి. మీ నోటితో మీరే చెబితే బావుంటుందని ఇలా చేసేను. ఏమనుకోకండి" అన్నాడు.

ఏమనుకోవాలి? ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసినవాణ్ణి. ఎవరో పరాయి మనిషిదనుకుంటే తప్ప ఆవిడ రక్తం సరిగ్గా చూడలేకపోయాను.

లిఫ్టు కోసం ఆగలేదు. మూడంతస్తుల మెట్లు ఎక్కాను. గీతికగారు రౌండ్స్‌లో ఉన్నారు, చుట్టూ నర్సులు, పక్క మంచాల వాళ్ళు. ఆరోజు పొగిడింది కూడా అందరి ముందే కదా, అందుకని అక్కడే చెప్పాను. "నా లెక్క తప్పండి. పన్నెండూ కాదు, పద్నాలుగూ కాదు. మొన్న ఏడు, నిన్న ఐదు, ఇవాళ నాలుగు. అంచులు కావాలనే వదిలేశానండి."

'పొరపాటున' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఈ నెలలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

గీతికగారు ముందు ప్రసన్న వేలి దగ్గర మెషీన్ చూశారు. ఎనభై ఆరు. నర్సుతో ఐసీయూకి ఫోన్ చేయమన్నారు. మంచం కదిలాక నా వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. "భర్త చేత లెక్కపెట్టించడం నా తప్పండి. లెక్క మార్చడం మీ తప్పు. ఒకరోజు పోయింది. దానివల్ల ఏమవుతుందో నాకు తెలీదు, తెలిసినట్టు చెప్పను కూడా. ఇకనుంచి ఆవిడ ట్యూబు మీరు ముట్టుకోకండి."

మంచం తోసుకుంటూ తీసుకెళ్తుంటే ప్రసన్న నా వైపు చూసింది. ఏదో అడగబోయింది. ఈసారి నా దగ్గర చెప్పడానికి ఏ అంకే లేదు.

ఇంటికొచ్చి ఆగస్టు 11 పేజీ తిప్పి చూశాను. 'మధ్యలోనే కూర్చుని వంద లెక్కపెట్టేవాడు దొంగ.' నా చేతిరాతే. బాగా గుండ్రంగా ఉంది.

ఆగస్టు 25

4. ఫిన్నీ లెక్క. మెషీన్ కూడా 4.

ఆగస్టు 26

3.

గాలి గట్టిగా లోపలికి తోసే మాస్కు పెట్టారు. అది చాలకపోతే గొంతులోకి గొట్టం వేయవలసి రావచ్చు, ముందే సంతకం పెట్టండి అన్నారు. పెట్టాను. వేల రిపోర్టుల మీద ఆగకుండా పెట్టిన సంతకం, ఇక్కడ మాత్రం ఇంటిపేరు దగ్గరే ఆగిపోయింది.

సాయిరామ్ వచ్చాడు. అతనికి మొత్తం చెప్పాను. "అక్కకి పద్నాలుగని నాకు చెప్పేరు కదండీ" అన్నాడు. "చెప్పాను" అన్నాను. తిడతాడని చూశాను. తిట్టి ఉంటే బావుండేది. నా చేతిలో ఇడ్లీ పొట్లం పెట్టి పక్క కుర్చీలో కూర్చున్నాడు. "మరి ఇప్పుడు నిజంగా ఎంతండీ?" అన్నాడు. చెప్పాను.

ఆగస్టు 27

3.

ఆగస్టు 28

సెలవు పెట్టాను. సెలవులో ఉన్నవాడికి ల్యాబు లోపల పనిలేదు. అందుకని బయటి కిటికీ దగ్గర, చీటీలు పట్టుకున్న జనంతో పాటు నిలబడ్డాను. నా వంతు వచ్చింది. "రిపోర్టు ఎప్పుడొస్తుందండీ?" అని అడిగాను.

"వస్తుంది, కూర్చోండి" అన్నాడు లోపల నుంచి ఫిన్నీ, తల ఎత్తకుండా. తర్వాత గొంతు గుర్తుపట్టి కంగారుపడి లేచాడు. "అయ్యో, మీరాండీ!"

"పర్లేదు, కూర్చుంటాను" అన్నాను. ఆ మాట ఇరవై ఎనిమిదేళ్ళలో ఎంతమందికి చెప్పి ఉంటానో. నేనైతే ఇంకా విసుగ్గా చెప్పేవాణ్ణి. కుర్చీలు ఇనపవి, కూర్చుంటే వెన్ను నొప్పెడుతుంది. ఈ సంగతి కిటికీకి లోపలివైపు ఎవరికీ తెలియదు.

3.

ఆగస్టు 29

ఐసీయూ ముందు గచ్చు మీద పలకలు లెక్కపెట్టాను. నూట పన్నెండు. గోడ పక్కన సగం సగం ఉన్నవి కూడా కలిపాను.

నాకు భయంగా ఉంది. ఇంతవరకూ ఈ డైరీలో ఆ మాట ఎక్కడా రాయలేదు. మొదటి రోజు పదిహేను చూసినప్పటి నుంచీ భయంగానే ఉంది.

ఆగస్టు 30

4. గొట్టం ఇంకా వేయలేదు. 'ఇంకా' అన్నది గీతికగారి మాట.

ఆగస్టు 31

5. తేడా ఒకటే. ఒకటి తేడాకి అర్థం లేదని నేనే అందరికీ చెబుతూ ఉంటాను. అయినా సాయిరామ్‌కి ఫోన్ చేసి చెప్పాను. "పెరిగిందాండీ?" అన్నాడు. "తెలీదు. ఐదు" అన్నాను.

సెప్టెంబరు 1

7. ఫిన్నీని రెండోసారి లెక్కపెట్టమన్నాను. మళ్ళీ 7. మూడోసారి అడగలేదు.

సెప్టెంబరు 3

12. నిజం పన్నెండు. పన్నెండు రోజుల కిందట నేను కుర్చీలో కూర్చుని పావుగంటలో తెప్పించిన అంకె ఇది. ఆవిడ ఒళ్ళు దాన్ని తెచ్చుకోవడానికి ఇన్ని రోజులు పట్టింది.

గోదావరి కూడా తగ్గుతోందని జగన్నాథరావుగారు చెప్పారు. తగ్గిందని చెప్పి, "నేను రెండు గట్ల మీదా చూసొచ్చేనయ్యా" అన్నారు. ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. ధవళేశ్వరంలో ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు 6

వార్డులోకి మార్చారు. ఆక్సిజన్ రెండు లీటర్లు. మనిషి సగమైపోయింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

సాయిరామ్ మందులకని కిందకెళ్ళాక చెప్పాను. రెండు రోజులుగా మనసులో వల్లించుకున్నదంతా పోయి మధ్యలోంచి మొదలైంది. "నీకారోజు పద్నాలుగని చెప్పాను చూడు."

"తెలుసండి."

"ఎవరు చెప్పారు? ఫిన్నీయా?"

"ఎవరు చెప్పాలండీ? మీరే చెప్పేరు కదా, మూడుసార్లు వచ్చి." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇరవై తొమ్మిదేళ్ళ నుంచీ వండి పెడుతున్నాను. కూర బావుందని ఒక్కరోజైనా చెప్పేరా? బావుంటే మాట్లాడకుండా తిని లేస్తారు. అలాంటి మనిషి మూడంతస్తులెక్కి బావుంది, బావుంది అని మూడుసార్లు చెబితే, నా పని అయిపోయిందనుకున్నానండి."

"అయితే ఆయాసం తగ్గిందని ఎందుకన్నావు?" అన్నాను.

"తగ్గలేదంటే ఇంకోసారి మెట్లెక్కి వచ్చేవారు కదా. అప్పటికే రొప్పుతున్నారు మీరు" అంది.

నేను ఆవిడకి అబద్ధం చెప్పాను, నిజమే. ఆవిడ మాటని నేను అక్షరాలా నమ్మి, ఇంటికొచ్చి ఈ డైరీలో మెషీన్‌ని వెక్కిరించాను కూడా. ముందుగదిలో పడుకోమన్నప్పుడు వినలేదని, జ్వరం అంటించింది నేనేనని, ఐసీయూ అంటే భయపడి లెక్క మార్చానని అన్నీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను. పక్క మంచం ముసలావిడ చూస్తోందని తెలిసి కూడా ఏడ్చాను. ఇది రాయకపోతే మళ్ళీ అంచు వదిలేసినట్టవుతుంది.

"ఏడిస్తే ఏడిచేరు గానీ, ఆ దుప్పటితో ముక్కు తుడుచుకోకండి. మళ్ళీ నాకంటిస్తారు" అంది.

సెప్టెంబరు 9

ఇంటికొచ్చాం. మెట్లు నాలుగే అయినా రెండుసార్లు ఆగింది. ముందుగదిలో నా పక్క నేనే వేసుకున్నాను.

సెప్టెంబరు 12

డ్యూటీలో చేరాను. మెమో ఇచ్చారు. మూడు నెలల పాటు నేను చూసిన ప్రతి పదో స్లైడూ ఫిన్నీ మళ్ళీ చూస్తాడు. సొంత మనుషుల శాంపిల్ ఎవరూ ముట్టుకోకూడదని ల్యాబు గోడ మీద నోటీసు పెట్టాలన్నారు. చేతిరాత ఎవరిది బావుంటుందని వెతికి, నా చేతే రాయించారు.

రాసి అంటించాక ఫిన్నీ దూరంగా నిలబడి చూశాడు. "బావుందండి" అన్నాడు. కొంచెం వంకరగా ఉందని చెప్పి నేనే సరిచేశాను.

సెప్టెంబరు 17

ఈరోజు చివరి పరీక్ష. రక్తం ఇంటిదగ్గరే తీసి తీసుకెళ్ళాను. ట్యూబు ఫిన్నీ చేతికిచ్చి, నోటీసులో రాసిన ప్రకారం బయటికొచ్చి ఇనప కుర్చీలో కూర్చున్నాను. గాజు కిటికీలోంచి అతని వీపు కనిపిస్తోంది. గంట వినిపించింది. మళ్ళీ సున్నాకి తిప్పాడు. మళ్ళీ గంట. ఎందుకు రెండుసార్లని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బయటికొచ్చి, "రెండుసార్లూ అంతేనండి. మీరడుగుతారని ముందే చూసేను" అని కాగితం ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి ప్రసన్న వంటింట్లో ఉంది. నెల తర్వాత మొదటిసారి. స్టూలు వేసుకుని కూర్చుని వంకాయ కూర చేసింది. వద్దంటే వినలేదు. భోజనానికి కూర్చోబెట్టి తను పక్కన నిలబడింది.

రెండు ముద్దలు తిన్నాను. నిజంగానే చాలా బావుంది. ఎప్పుడూ ఇలాగే ఉండేది, ఎప్పుడూ చెప్పలేదు. ఈసారి చెప్పాలనిపించింది.

"కూర బావుంది" అన్నాను.

ప్రసన్న చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏమొచ్చిందండీ రిపోర్టులో?" అంది.

నేను ఎన్నిసార్లు చెప్పినా ఇప్పుడు లాభం లేదని అర్థమై, ఎడమచేత్తో జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆవిడ ముందు అంకె చూడలేదు. కాగితం అడుగుకి వెళ్ళి సంతకం ఎవరిదో చూసింది. ఫిన్నీ. అప్పుడు పైకి వచ్చి చదివింది. లింఫోసైట్లు 27.

కాగితం మడతపెట్టి పోపులడబ్బా కింద పెట్టింది. స్టూలు దగ్గరకి లాక్కుని, తను కూడా కంచం పెట్టుకుని కూర్చుంది.

"కూరలో ఉప్పు కొంచెం తగ్గిందండి" అంది, ఒక ముద్ద తిన్నాక.

"అవును, తగ్గింది" అన్నాను.